కొలత స్కాన్‌ను కంప్యూటరుతో నడపడం, మన అవసరానికి మలచుకోవడం ఎలా?

కొలత స్కాన్ అంటే వోల్టేజిని మెట్టు మెట్టుగా మారుస్తూ ప్రతి మెట్టు దగ్గరా కరెంటు కొలిచి గ్రాఫు గీయడం. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే అమలాపురం, భీమవరం, కాకినాడ వైపు కళాశాలల నుంచి నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. సోర్స్‌మీటరు ఉంది, కేబులు ఉంది, ప్రోగ్రాము నడుస్తోంది, గ్రాఫు కూడా గీస్తోంది, కానీ చేత్తో తీసిన రీడింగులకూ దీనికీ పొంతన కుదరడం లేదు, తప్పు ఎక్కడుంది? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాయడం మేలనిపించింది. ప్రోగ్రాము తప్పు లేకుండా నడవడం వేరు, కొలత సరిగ్గా రావడం వేరు. ఈ తేడాను పట్టుకోవడానికి, విలువ ముందే తెలిసిన వస్తువును మొదట కొలిచి చూడడం తప్ప నాకు తెలిసిన దగ్గరి దారి లేదు. అందుకే కింద చెప్పిన పద్ధతి మీ శాంపిల్‌తో కాకుండా ఒక రూపాయి రెసిస్టరుతో మొదలవుతుంది.

మాట విషయంలో ఒక చిన్న జాగ్రత్త. మన ఇళ్లలో కరెంటు అంటే సరఫరా. ఈ వ్యాసంలో కరెంటు అన్నచోటల్లా ఆంపియర్లలో కొలిచేదే. స్తంభం మీద నుంచి వచ్చేదాన్ని సరఫరా అనే అంటాను.

కావలసినవి

వోల్టేజి ఇస్తూ అదే సమయంలో కరెంటు కొలిచే సోర్స్‌మీటరు ఉంటే అన్నింటికంటే సులభం. లేనివారు కంప్యూటరు మాట వినే పవర్ సప్లై ఒకటి, డిజిటల్ మల్టీమీటరు ఒకటి కలిపి వాడుకోవచ్చు. అప్పుడు ఒక పరికరానికి ఆజ్ఞ ఇచ్చి రెండోదాన్ని రీడింగు అడుగుతారు, అంతే తేడా. పరికరం వెనుక కంప్యూటరుతో కలిపే యూఎస్‌బీ, జీపీఐబీ, ఆర్‌ఎస్-232 సాకెట్లలో ఏది ఉందో చూసి దానికి తగిన కేబులు సిద్ధం చేసుకోండి. సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, కళాశాలలో ల్యాబ్‌వ్యూ లైసెన్సు ఉంటే దానితోనే చేయండి. లేకపోతే పైథాన్, దానికి తోడు పరికరాలతో మాట్లాడించే పైవిసా చాలు, రెండూ ఉచితం. పైమెజర్, క్యూకోడ్స్ వంటి తయారు పొట్లాలు (ప్రోగ్రాము ప్యాకేజీలు) కూడా ఉన్నాయి, అయితే మొదటి స్కాన్ మాత్రం మీ చేత్తో రాసుకున్న వలయంతోనే (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ప్రోగ్రాము లూప్, సర్క్యూటు కాదు) నడపండి. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా తయారు పొట్లంతో మొదలుపెట్టినవారే తరువాత ఎక్కువగా తికమకపడడం చూశాను.

వీటితో పాటు 1 కిలోఓము, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టరు ఒకటి, 1ఎన్4007 డయోడు ఒకటి, నల్లగుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, యూపీఎస్ కావాలి. యూపీఎస్‌కు ల్యాప్‌టాప్ ఒక్కటే తగిలిస్తే చాలదు, పరికరాన్ని కూడా దానికే తగిలించాలి. ల్యాప్‌టాప్‌కు ఎలాగూ బ్యాటరీ ఉంటుంది, సరఫరా పోతే ప్రాణం పోయేది పరికరానికే.

చేసే పద్ధతి

1. ముందు చేత్తో కొలవండి. రెసిస్టరును తగిలించి, పరికరం ముందు బటన్లతోనే 1 వోల్టు ఇచ్చి కరెంటు చూడండి. సుమారు 1 మిల్లీఆంపియరు రావాలి. తరువాత మైనస్ 1 వోల్టు ఇచ్చి చూడండి. ఈ రెండు విలువలనూ నోటుపుస్తకంలో రాసుకోండి. చేత్తో రానిది కంప్యూటరుతో రాదు.

2. పరికరాన్ని కంప్యూటరుకు పరిచయం చేయండి. పైవిసాలో ముందుగా అందుబాటులో ఉన్న చిరునామాల జాబితా అడగండి. జీపీఐబీ అయితే 0 నుంచి 30 వరకు ఏదో ఒక సంఖ్య చిరునామాగా ఉంటుంది, అది పరికరం మెనూలోనూ కనిపిస్తుంది. ఒకే తీగ మీద ఉన్న రెండు పరికరాలకు ఒకే సంఖ్య ఉంటే రెండూ మొరాయిస్తాయి. చిరునామా దొరికాక నక్షత్రం గుర్తు, ఐడీఎన్, ప్రశ్నార్థకం కలిసిన ఆజ్ఞ (*IDN?, అంటే నువ్వెవరు అని) పంపండి. తయారీదారు పేరు, మోడల్, క్రమసంఖ్య తిరిగి వస్తే పరిచయం కుదిరినట్టే. జవాబు రాకుండా టైమ్‌అవుట్ అని వస్తే మూడు విషయాలు చూడండి. చిరునామా సరైనదేనా, ఆర్‌ఎస్-232 అయితే రెండు వైపులా బాడ్ రేటు (డేటా పంపే వేగం) ఒకటేనా, వాక్యం ముగింపు అక్షరం పరికరం కోరినట్టు ఉందా. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. పరికరం మీ మాట ఇంకా పూర్తి కాలేదనుకుని ఎదురుచూస్తూ ఉంటుంది, మీరేమో దాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

3. హద్దులు పెట్టండి. అవుట్‌పుట్ ఆన్ చేసే ఆజ్ఞకు ముందే కరెంటు పరిమితి, అంటే కంప్లయన్స్, పెట్టి ఉండాలి. మన రెసిస్టరుకు 2 మిల్లీఆంపియర్లు సరిపోతుంది. ఈ సంఖ్యను ప్రోగ్రాము మొదట్లోనే, అందరికీ కనిపించేలా, ఒక పేరు పెట్టి రాయండి. మధ్యలో ఎక్కడో పాతిపెట్టిన సంఖ్యను తరువాత ఎవరూ మార్చరు, పాత పరిమితితోనే కొత్త శాంపిల్ కాలిపోతుంది.

4. కొలిచే బిందువుల జాబితా తయారుచేయండి. మైనస్ 1 నుంచి ప్లస్ 1 వోల్టు వరకు 0.05 వోల్టు మెట్టుతో వెళితే 41 బిందువులు వస్తాయి, 40 కాదు. కంచెకు గుంజలు ఖాళీలకంటే ఒకటి ఎక్కువ ఉన్నట్టే ఇదీను. నమ్‌పైలో (పైథాన్‌లో సంఖ్యల జాబితాలకు వాడే లైబ్రరీ) అరేంజ్ వాడితే చివరి బిందువు సాధారణంగా జారిపోతుంది, అందుకే బిందువుల సంఖ్యను నేరుగా అడిగే లిన్‌స్పేస్ వాడండి. జాబితాను ఒకసారి తెరమీద ముద్రించి మొదటి సంఖ్య, చివరి సంఖ్య, మొత్తం లెక్క కళ్లతో చూసుకోండి.

5. వలయం రాయండి. ప్రతి బిందువు దగ్గరా ప్రోగ్రాము చేసేవి నాలుగే పనులు: వోల్టేజి పెట్టు, ఆగు, కొలువు, రాయి. మీరు తరువాత చేయబోయే మార్పులన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని మీదే పడతాయి.

ఈ నాలుగింటిలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది "ఆగు" దగ్గర. వోల్టేజి మార్చిన వెంటనే కొలిస్తే కేబుళ్లలోని కెపాసిటెన్సు నిండేందుకు పోయే కరెంటు కూడా మీ లెక్కలో కలుస్తుంది. ఎంతసేపు ఆగాలన్నది ఊహించి పెట్టవద్దు, కొలిచి తెలుసుకోండి. ఒక్కసారి 0 నుంచి 1 వోల్టుకు మార్చి, పది సెకన్ల పాటు వరుసగా రీడింగులు తీసి కాలంతో పాటు గ్రాఫు గీయండి. గీత ఎక్కడ చదునవుతుందో ఆ సమయానికి రెట్టింపు పెట్టుకోండి. రెసిస్టరుకు 0.1 సెకను కూడా ఎక్కువే కావచ్చు, పలుచని పూత శాంపిల్‌కు కొన్ని సెకన్లు పట్టవచ్చు, కనుక శాంపిల్ మారినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ఇంకొక సంగతి: సున్నా నుంచి ఒక్కసారిగా మైనస్ 1 వోల్టుకు దూకడం వల్ల మొదటి బిందువు తరచుగా తప్పుగా వస్తుంది. ఆ ఒక్క బిందువు దగ్గర అదనంగా ఒక సెకను ఆగమని విడిగా రాయండి.

"కొలువు" దగ్గర చూడవలసింది కొలిచే వ్యవధి. పరికరాల మెనూలో ఇది ఎన్‌పీఎల్‌సీ అనే పేరుతో, ఎన్ని సరఫరా చక్రాల పాటు కొలవాలో చెప్పే సంఖ్యగా ఉంటుంది. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి ఒక చక్రం 20 మిల్లీసెకన్లు. విలువ 1 పెడితే కచ్చితంగా ఒక చక్రం పాటు సగటు తీసి సరఫరా నుంచి రీడింగులో కలిసే గుర్రును (హమ్) రద్దు చేస్తుంది. పరికరం 60 హెర్ట్జ్‌కు అమరి ఉంటే అది 16.67 మిల్లీసెకన్లే సగటు తీస్తుంది, గుర్రు మిగిలిపోతుంది. కొన్ని పరికరాలు తమంతట తామే గుర్తిస్తాయి, కొన్నింటికి మెనూలో చెప్పాలి, ఒకసారి చూసుకోండి.

6. ప్రతి వరుసనూ అప్పటికప్పుడే ఫైలులోకి రాయించండి. అన్నీ జ్ఞాపకంలో ఉంచుకుని చివర్లో ఒకేసారి భద్రపరిచే ప్రోగ్రాముకు మన డెల్టాలో వానాకాలం సరిపడదు. గాలి కాస్త గట్టిగా వీచి సరఫరా పోతే మూడు గంటల పని మట్టిలో కలుస్తుంది. ఒక వరుస రాసి, బఫరును (ఫైలుకు ఇంకా చేరని తాత్కాలిక నిల్వను) ఖాళీ చేయించి, తరువాతే ముందుకు వెళ్లాలి. ఫైలు తలభాగంలో తేదీ, సమయం, శాంపిల్ పేరు, కంప్లయన్స్, ఆగే సమయం, ఎన్‌పీఎల్‌సీ, గది ఉష్ణోగ్రత, తేమ, పరికరం ఐడీఎన్ జవాబు రాయించండి. ఫైలు పేరులో తేదీ, సమయం తప్పక ఉండాలి. "ఫైనల్", "ఫైనల్2", "కొత్తఫైనల్" అనే పేర్లతో ఒక ఫోల్డరు నా దగ్గరా ఉండేది, దానిలో ఏది నిజమైన ఫైనలో ఇప్పటికీ తేలలేదు.

7. ఆపే దారి ముందే వేయండి. స్కాన్ పూర్తయినా, మధ్యలో లోపం వచ్చినా, మీరే ఆపేసినా, వోల్టేజి సున్నాకు దిగి అవుట్‌పుట్ ఆఫ్ కావాలి. పైథాన్‌లో ట్రై, ఫైనల్లీ నిర్మాణం ఇందుకే ఉంది. వలయం మొత్తాన్ని ట్రై కింద పెట్టి, సున్నాకు దించే ఆజ్ఞలను ఫైనల్లీ కింద రాయండి. రాశాక నమ్మి వదిలేయకండి. స్కాన్ నడుస్తుండగా కావాలనే ఆపి, పరికరం ముందు దీపం ఆరిందో లేదో చూడండి. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా అమరికలు మార్చడం, ఆ రాత్రికి విండోస్ అప్‌డేట్‌ను వాయిదా వేయడం కూడా ఈ మెట్టులోనివే.

8. రెసిస్టరుతో పూర్తి స్కాన్ నడపండి. సరళరేఖ రావాలి, కానీ "సరళరేఖ లాగానే ఉంది" అనుకుని ఆగిపోవద్దు. రేఖ వాలు నుంచి నిరోధం లెక్కగట్టి, అదే రెసిస్టరును మల్టీమీటరుతో కొలిచిన విలువతో పోల్చండి. 1 శాతం రెసిస్టరు అయితే ఇది 990, 1010 ఓముల మధ్య ఉండాలి, మల్టీమీటరు చెప్పిన విలువకు ఇంకా దగ్గరగా ఉండాలి. తరువాత ప్రతి బిందువూ ఆ రేఖకు ఎంత దూరంలో ఉందో విడిగా గ్రాఫు గీయండి. అసలు గ్రాఫులో కంటికి కనిపించనివన్నీ ఇక్కడ బయటపడతాయి. బిందువులు సున్నాకు అటూ ఇటూ ఒక వరుస లేకుండా చెదిరి ఉంటే మంచిదే. మొదటి బిందువు ఒక్కటే దూరంగా ఉంటే ఆగే సమయం చాలలేదు. మధ్యలో ఎక్కడో గబుక్కున మెట్టు కనిపిస్తే అక్కడ పరికరం తన రేంజి (కొలిచే పరిధి) మార్చుకుంది. రేఖ మొత్తం సున్నా వోల్టు దగ్గర సున్నా కరెంటు మీదుగా పోకుండా పక్కకు జరిగి ఉంటే ఆఫ్‌సెట్ ఉంది.

9. ఏమీ తగిలించకుండా అదే స్కాన్ మళ్లీ నడపండి. ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ, కానీ గోదావరి పక్కన ఉండే మనకు ఇది అన్నింటికంటే ముఖ్యం. శ్రావణమాసంలో బ్రెడ్‌బోర్డు మీద, ప్రోబ్ హోల్డరు మీద పట్టిన తేమ పొర గుండా కరెంటు కారుతుంది. 1 వోల్టు దగ్గర 1 నానోఆంపియరు కనిపిస్తే, తగిలించని శాంపిల్ స్థానంలో 1 గిగాఓము ఉన్నట్టే లెక్క. మీరు కొలిచేది మిల్లీఆంపియర్లలో అయితే దీన్ని వదిలేయవచ్చు. నానోఆంపియర్లలో అయితే హోల్డరును ఆల్కహాలుతో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ ఖాళీ స్కాన్ తీసి, అది తగ్గిందని చూశాకే ముందుకు కదలాలి. ఖాళీ స్కాన్ ఫైలును శాంపిల్ ఫైలు పక్కనే దాచుకోండి.

10. ఇప్పుడు డయోడు. మైనస్ 1 నుంచి ప్లస్ 0.8 వోల్టు వరకు, కంప్లయన్స్ 10 మిల్లీఆంపియర్లతో నడపండి. సుమారు 0.6, 0.7 వోల్టుల దగ్గర కరెంటు ఎగబాకాలి. కరెంటు అక్షాన్ని లాగరిథం స్కేలులోకి మారిస్తే ముందువైపు భాగంలో ఒక సరళమైన వాలు కనిపించాలి, కరెంటు పది రెట్లు పెరగడానికి గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 60 నుంచి 120 మిల్లీవోల్టులు పట్టాలి. ఇది వచ్చిందంటే మీ శాంపిల్ పెట్టవచ్చు.

మన అవసరానికి మలచుకోవడం

వెళ్లిన దారినే తిరిగి రావడం అన్నింటికంటే చిన్న మార్పు, అన్నింటికంటే ఎక్కువ చెప్పే మార్పు కూడా. బిందువుల జాబితా చివర అదే జాబితాను తిరగేసి అతికించండి. వెళ్లేటప్పటి గీత, వచ్చేటప్పటి గీత ఒకదానిమీద ఒకటి పడకపోతే రెండు కారణాలు ఉండవచ్చు: శాంపిల్‌కే ఆ గుణం ఉండడం, లేదా మీరు సరిపడా ఆగకపోవడం. ఆగే సమయాన్ని రెట్టింపు చేసి మళ్లీ నడపండి. రెండు గీతల మధ్య ఖాళీ తగ్గితే ముందు అనుమానించవలసింది మీ ప్రోగ్రామునే, దాన్ని శాంపిల్ గుణంగా రికార్డులో రాయవద్దు.

బిందువులు సమాన దూరంలో ఉండాలన్న నియమం ఏదీ లేదు. డయోడుకు 0.4 వోల్టు దాకా పెద్ద మెట్లు, ఆ పైన 0.01 వోల్టు మెట్లు పెట్టుకుంటే సమయం మిగులుతుంది, వంపు కూడా నునుపుగా వస్తుంది. కరెంటు ఒక హద్దు దాటగానే వలయం నుంచి బయటకు రమ్మని షరతు కూడా పెట్టవచ్చు. అయితే ఆ షరతు కంప్లయన్స్‌కు బదులు కాదు, దానికి తోడు మాత్రమే.

ఉష్ణోగ్రత కూడా మార్చాలంటే వలయంలో వలయం పెట్టాలి. నెమ్మదిగా మారేది ఎప్పుడూ బయటి వలయంలో ఉండాలి. ఒక ఉష్ణోగ్రత నిలకడకు 15 నిమిషాలు పడుతుందనుకుందాం. పది ఉష్ణోగ్రతలు బయట, 41 వోల్టేజిలు లోపల పెడితే నిలకడకు మొత్తం రెండున్నర గంటలు. తిరగేసి పెడితే ప్రతి వోల్టేజికీ పది ఉష్ణోగ్రతలు తిరగాలి, 410 సార్లు 15 నిమిషాలు, అంటే 102 గంటల పైచిలుకు. ఈ పొరపాటు చేసి స్కాన్ ఆగిపోయిందని ఫోన్ చేసినవారున్నారు. అది ఆగిపోలేదు, ఇంకా నాలుగు రోజులు నడవవలసి ఉంది. ఉష్ణోగ్రత స్థిరపడిందని గడియారం చూసి నిర్ణయించకుండా, చివరి ఐదు నిమిషాల్లో అది 0.1 డిగ్రీకి మించి కదలలేదని చూశాకే లోపలి వలయం మొదలయ్యేలా రాయండి. ఇక్కడ చూసుకోవడానికి డయోడే సాక్షి. స్థిరమైన కరెంటు వద్ద ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దాని వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గాలి.

చెరువుల నీళ్లు, ఉప్పుటేరు నీళ్లు కొలిచేవారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆక్వా మీద ప్రాజెక్టులు చేసే విద్యార్థులు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నారు. నీటిలో రెండు ఎలక్ట్రోడులు ముంచి పైన చెప్పిన డీసీ స్కాన్ నడపవద్దు. ఎలక్ట్రోడుల దగ్గర అయాన్లు పేరుకుని, ప్రతి రీడింగూ ముందటి రీడింగు ఎంగిలితో వస్తుంది. దానికి ఎల్‌సీఆర్ మీటరు (ఏసీతో నిరోధం, కెపాసిటెన్సు వంటివి కొలిచే పరికరం) తీసుకుని, వోల్టేజికి బదులు పౌనఃపున్యాన్ని 100 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా లాగరిథం మెట్లతో మార్చండి. వలయం అదే, నాలుగు పనులూ అవే. రెసిస్టరు స్థానంలో తెలిసిన ద్రావణం వాడాలి: లీటరు ద్రావణంలో 0.746 గ్రాముల పొటాషియం క్లోరైడు ఉంటే అది 0.01 మోలార్. 25 డిగ్రీల వద్ద దాని వాహకత సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్. మీ సెల్ స్థిరాంకాన్ని (మీ ఎలక్ట్రోడులు ఇచ్చే రీడింగును వాహకతగా మార్చే గుణకాన్ని) దీనితోనే తేల్చుకోండి. నీటి వాహకత డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి ఉష్ణోగ్రత రాయని రీడింగుకు విలువ లేదు. మధ్యాహ్నం గట్టు మీద తీసిన రీడింగునూ, సాయంత్రం ల్యాబులో తీసిన రీడింగునూ ఉష్ణోగ్రత చూడకుండా పోల్చడం కుదరదు.

తరచుగా జరిగే పొరపాట్లు

గ్రాఫు పైభాగం పలకలా చదునుగా వస్తే అది శాంపిల్ సంతృప్త స్థితి అని సంబరపడకముందు, ఆ చదును విలువ మీరు పెట్టిన కంప్లయన్స్ విలువేనా అని చూడండి. నేను చదువుకునే రోజుల్లో రెండు రోజులు ఈ సంబరంలోనే గడిపాను. చాలా పరికరాలు రీడింగుతో పాటు కంప్లయన్స్ తాకిందో లేదో చెప్పే స్థితి సంఖ్య కూడా ఇస్తాయి, దాన్ని కూడా ఫైలులో ఒక నిలువు వరుసగా రాయించండి.

గాజు తొడుగు ఉన్న డయోడులు, ఎల్‌ఈడీలు వెలుతురుకు స్పందిస్తాయి. సున్నా వోల్టు దగ్గర అకారణంగా చిన్న కరెంటు కనిపిస్తే ట్యూబులైటు ఆర్పి చూడండి, లేదా నల్లగుడ్డ కప్పండి. సగటు సమయం పెంచినంత మాత్రాన ఇది పోదు.

కొన్ని ఓముల శాంపిల్‌ను రెండు తీగలతో కొలిస్తే తీగల నిరోధం కూడా కలుస్తుంది. అక్కడ నాలుగు తీగల పద్ధతి (రెండు తీగలతో కరెంటు పంపి, వేరే రెండింటితో వోల్టేజి కొలవడం) తప్పనిసరి. తీగలు నాలుగు తగిలించి, ప్రోగ్రాములో మాత్రం ఆ ఆజ్ఞ పంపడం మరచిపోవడం కూడా మామూలే.

ఆజ్ఞలో అక్షరదోషం ఉంటే చాలా పరికరాలు నోరెత్తవు. తప్పును తమ లోపలి వరుసలో రాసుకుని, పాత అమరికతోనే పనిచేస్తూ పోతాయి. అందుకని అమరిక ఆజ్ఞలన్నీ పంపాక ఒకసారి, స్కాన్ ముగిశాక ఒకసారి, ఆ లోపాల వరుసను సున్నా వచ్చేదాకా అడిగి చదవండి.

ఇక సరఫరా సంగతి. యూపీఎస్ లేనిచోట సరఫరా ఒక్క క్షణం పోయి వచ్చినప్పుడు పరికరం తిరిగి లేస్తుంది, కానీ దాని అవుట్‌పుట్ ఆఫ్‌లో, అమరికలు మొదటి స్థితిలో ఉంటాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ఉంది కనుక ప్రోగ్రాము ఏమీ జరగనట్టు రీడింగులు అడుగుతూ, వచ్చిన దానినల్లా ఫైలులోకి ఎక్కిస్తూ ఉండవచ్చు. తెల్లవారి చూస్తే సగం రాత్రి నుంచి సున్నా చుట్టూ తిరిగే అంకెలే ఉంటాయి. కొలిచే ముందు ప్రతిసారీ "అవుట్‌పుట్ ఆన్‌లో ఉందా" అని పరికరాన్ని అడిగించండి. జవాబు కాదు అని వస్తే స్కాన్ ఆపి, ఎన్నో బిందువు దగ్గర ఆగిందో ఫైలులో రాయించండి. మిగిలిన బిందువులను అక్కడి నుంచి కొనసాగించవచ్చు, అయితే ఆగిన బిందువుకు ముందున్న ఐదారు బిందువులను మళ్లీ కొలిచి, పాత విలువలతో కలుస్తున్నాయని చూసుకున్నాకే రెండు ఫైళ్లనూ ఒక గ్రాఫులో కలపండి.